మంచు లెక్క ఎవరి చేతిలో ఉండాలి?

ముత్తియాల్‌పేట (పుదుచ్చేరి): వార్తా సంస్థల నుంచి రోజూ వచ్చే వందలాది వార్తలలో ఉపసంపాదకుడు ఏ మాత్రం సంకోచం లేకుండా పక్కన పడేసే వార్త ఒకటి ఉంటుంది. ఉత్తర ధ్రువ సముద్రంలో మంచు ఇంతకు తగ్గింది, దక్షిణ ధ్రువం చుట్టూ ఇంత మిగిలింది, ఐరోపా, ఆసియా ఖండాలపై హిమం ఇంతమేర పరచుకొని ఉంది అని చెప్పే వార్త అది. పేజీలో చోటు మిగిలితే నాలుగు వాక్యాలు, మిగలకపోతే ఏమీ లేదు. ఈ వ్యాసకర్త కూడా అటువంటి వార్తలను ఎన్నింటినో పక్కన పెట్టినవాడే. ఆ పని ఎంత పొరపాటో 2025 వేసవిలో జరిగిన పరిణామాలు తెలియజెప్పాయి.

ఆ ఏడాది మే నెలలో అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ ‘నోవా’ తన అధీనంలోని మంచు, హిమ సమాచారానికి ఇస్తున్న సేవలను కనీస స్థాయికి కుదించింది. జూన్‌ చివరి వారంలో మరో ప్రకటన వెలువడింది. అమెరికా రక్షణ శాఖకు చెందిన వాతావరణ ఉపగ్రహాలు పంపే సూక్ష్మతరంగ సమాచారాన్ని జూన్‌ 30 తరువాత బయటివారికి ఇవ్వబోమన్నది దాని సారాంశం. ప్రకటనకు, గడువుకు మధ్య వారం రోజుల వ్యవధి కూడా లేదు. 1987 నుంచి ప్రపంచ శాస్త్రజ్ఞులు ధ్రువాల మంచును రోజువారీగా లెక్కకట్టుతున్నది ప్రధానంగా ఈ ఉపగ్రహాల వరుసను ఆధారం చేసుకొనే. సర్వత్రా ఆందోళన వ్యక్తం కావడంతో గడువును మొదట జులై 31 వరకు పొడిగించారు. జులై ఆఖరులో, 2026 సెప్టెంబరు వరకు సమాచారం ఇస్తూనే ఉంటామని చెప్పారు. ఈలోగా కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లోని జాతీయ మంచు, హిమ సమాచార కేంద్రం హడావుడిగా జపాన్‌ ఉపగ్రహం వైపు మళ్ళవలసి వచ్చింది.

ఈ వ్యవహారం ఒక దేశపు రెండు శాఖల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలుగా కనిపించవచ్చు. కాని దాదాపు నాలుగు దశాబ్దాల లెక్కల పుస్తకం ఒక్క ఉత్తరంతో మూతపడబోయిందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ఆ పుస్తకంలో మన వర్షాల లెక్క కూడా కొంత ఉంది.

మెట్టూరు మట్టం

ముత్తియాల్‌పేటలో గడియార స్తంభానికి కాస్త దూరంలో ఈ వ్యాసకర్త మేనత్త కాపురం ఉంటుంది. తరాలుగా పుదుచ్చేరిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అదొకటి. మామయ్య ప్రభుత్వోద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. పొద్దున్నే ఆయన తమిళ పత్రిక తెరిచి ముందుగా చూసేది రాజకీయాలు కాదు, మెట్టూరు ఆనకట్ట నీటిమట్టం. పూర్తి మట్టం 120 అడుగులు, నేడు ఇంత, వచ్చే నీరు ఇంత, వదిలే నీరు ఇంత. నిజానికి ఆ నీరు పుదుచ్చేరి పట్టణానికి రాదు. అయినా ఆయన చూస్తారు. ఇదే పాలన కింద ఉన్న కారైక్కాల్‌ పొలాలు కావేరి ఆయకట్టులో చిట్టచివర ఉన్నాయి. 2007లో కావేరి ట్రైబ్యునల్‌ తుది తీర్పులో పుదుచ్చేరికి దక్కిన వాటా 7 టి.ఎం.సి.లు. ఆ 7 టి.ఎం.సి.లు అందాయా లేదా అన్న తగవు ఏనాడు వచ్చినా రోజువారీ మట్టాల పట్టికే సాక్ష్యం.

గత సంక్రాంతికి వెళ్ళినప్పుడు మంచు వార్త ప్రస్తావన వస్తే ఆయన అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. ‘‘ఏరా అబ్బాయ్‌, ఎక్కడో ధ్రువంలో మంచు రోజూ కొలిచి ఎవరికి చెప్పుకోవాలి?’’ అన్నారు. ‘‘మెట్టూరులో నీళ్ళు రోజూ కొలిచి మీకెందుకు చెబుతున్నారు మామయ్యా?’’ అని అడగవలసి వచ్చింది. ఆయన నవ్వి ఊరుకున్నారు గాని, ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత వార్త రాసేవారిపైనే ఉంది.

శ్రీశైలంలో 885 అడుగులు, నాగార్జునసాగర్‌లో 590 అడుగులు పూర్తి మట్టాలని తెలుగు రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఏళ్ళ తరబడి పత్రికల్లో చూసి చూసి అవి అతనికి కంఠస్థం. ఒక రోజు మట్టం చూస్తే ఏమీ తెలియదు. నిరుటి ఇదే రోజు మట్టంతో, పదేళ్ళ సగటుతో పోల్చినప్పుడే నాట్లు ఎప్పుడు వేయాలో తేలుతుంది. కొలత విలువంతా అది తెగకుండా సాగడంలోనే ఉంది. ధ్రువాల మంచు కూడా అటువంటి జలాశయ మట్టమే. ఆ జలాశయం భూగోళానిది, అంతే తేడా.

చీకటిలో చూసే కన్ను

తెలుగులో ‘మంచు’ అన్న ఒక్క మాటతో పొగమంచు, ఆకాశం నుంచి రాలే హిమం, నీరు గడ్డకట్టిన మంచు అన్నింటినీ చెప్పుకుంటాం. వార్తల్లో తికమకకు ఇదీ ఒక కారణమే. ఇక్కడ మాట్లాడుతున్నవి రెండు. ఒకటి ధ్రువ సముద్రాల ఉప్పునీరు గడ్డకట్టి తేలే సముద్రపు మంచు. రెండవది నేలపై, కొండలపై శీతకాలంలో కప్పుకొనే హిమం.

హిమం లెక్కే ముందు మొదలైంది. ఉత్తరార్ధగోళంలో నేలను కప్పిన హిమాన్ని ఉపగ్రహ చిత్రాల నుంచి గుర్తించి పటాలు గీయడం 1966లో ‘నోవా’ పూర్వపు సంస్థ ప్రారంభించింది. ఆనాడు వారానికి ఒక పటం, అదీ చేత్తో గీసింది. 1997 నుంచి రోజుకొక పటం వెలువడసాగింది. ఉపగ్రహ చిత్రంలో హిమమూ తెల్లగానే ఉంటుంది, మేఘమూ తెల్లగానే ఉంటుంది. రెంటినీ వేరుచేయడానికి నిపుణులు పలు ఉపగ్రహాల చిత్రాలను పక్కపక్కన పెట్టుకొని చూడవలసి వచ్చేది. కదిలేది మేఘం, కదలనిది హిమం అన్నది వారి మొదటి పాఠం.

సముద్రపు మంచు విషయం ఇంకా కష్టం. ధ్రువాలలో నెలల తరబడి సూర్యుడు కనిపించడు. కనిపించే రోజుల్లో మబ్బు కమ్మి ఉంటుంది. మామూలు కెమెరాకు అక్కడ పని లేదు. దీనికి ఉపాయం సూక్ష్మతరంగాలు. ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతను, గుణాన్ని బట్టి అతి బలహీనమైన సూక్ష్మతరంగాలను వెలువరిస్తూ ఉంటుంది. నీటికంటె మంచు వీటిని ఎక్కువగా వెలువరిస్తుంది. మబ్బులు, చీకటి వీటికి పెద్ద అడ్డు కావు. 1972 డిసెంబరులో ప్రయోగించిన నింబస్‌-5, 1978 అక్టోబరులో ప్రయోగించిన నింబస్‌-7 ఉపగ్రహాలు ఈ మార్గం చూపాయి. సముద్రాన్ని సుమారు 25 కిలోమీటర్ల చదరాలుగా విభజించి, ఏ చదరంలోనైనా కనీసం 15 శాతం మంచు ఉంటే దానిని మంచు ప్రాంతంగా లెక్కిస్తారు. అలా కూడిన మొత్తమే మనకు వార్తల్లో వచ్చే ‘విస్తీర్ణం’.

ఈ లెక్కలోనూ ఒక చిరుగు ఉంది. 1987 డిసెంబరు 3 నుంచి 1988 జనవరి 13 వరకు ఒక్క రోజు సమాచారమూ లేదు. పరికరం పనిచేయలేదు. ఆ నలభై రోజుల ఖాళీ నేటికీ పూడలేదు, ఇక ముందు పూడదు కూడా. నిరుటి పంట లెక్క తప్పిపోతే ఊళ్ళో నలుగురినీ అడిగి రాసుకోవచ్చు. నిరుటి మంచును అడగడానికి అక్కడ ఊరూ లేదు, నలుగురూ లేరు.

భారతదేశమంత మంచు

అంకెలు చూద్దాం. 1981 నుంచి 2010 వరకు తీసిన సగటు ప్రకారం ఉత్తర ధ్రువ సముద్రంలో మంచు సెప్టెంబరులో కనిష్ఠానికి చేరినప్పుడు దాదాపు 62 లక్షల చదరపు కిలోమీటర్లు ఉండేది. 2012 సెప్టెంబరులో అది 34 లక్షలకు పడిపోయింది. మన దేశ వైశాల్యం 32 లక్షల 87 వేలు. అంటే ఇంచుమించు రెండు భారతదేశాలంత ఉండవలసిన మంచు ఒక భారతదేశమంతకు కుదించుకుపోయింది. 2025 మార్చిలో శీతకాలపు గరిష్ఠం కూడా ఒక కోటి 43 లక్షల వద్దనే ఆగిపోయింది. ఉపగ్రహ లెక్కలు మొదలైన తరువాత అప్పటికి అంత తక్కువ గరిష్ఠం మరొకటి లేదు.

ఈ అంకెల విషయంలో ఈ వ్యాసకర్త ఒక తప్పు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి ‘మిలియన్ల’ను ‘లక్షలు’గా మార్చేటప్పుడు ఒక సున్నా జారిపోయి 34 లక్షలు 3.4 లక్షలైంది. వారం తిరగకుండా ఒక పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడి కార్డు వచ్చింది. ‘‘ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ వైశాల్యమే 2 లక్షల 75 వేల చదరపు కిలోమీటర్లు. ఉత్తర ధ్రువంలో మిగిలిన మంచు మన రాష్ట్రం కంటె కొద్దిగా ఎక్కువ మాత్రమేనా? అయితే ఈ వార్త లోపలి పేజీలో నాలుగు వాక్యాలుగా ఎందుకు వేశారు?’’ అని ఆయన నిలదీశారు. తప్పు పట్టినందుకు కాదు గాని, చివరి ప్రశ్న ఈనాటికీ గుచ్చుకుంటూనే ఉంది. అంకె నిజమైనా అబద్ధమైనా అది లోపలి పేజీలోనే ఉండేది.

దక్షిణ ధ్రువం కథ మరింత ఆలోచింపజేస్తుంది. అక్కడ సముద్రపు మంచు చాలా ఏళ్ళు తగ్గలేదు సరికదా కొద్దికొద్దిగా పెరిగింది. 2014 సెప్టెంబరులో అది ఉపగ్రహ లెక్కల్లో మొదటిసారిగా 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది. భూమి వేడెక్కడం వట్టి ప్రచారమని వాదించేవారికి ఆ అంకె ఆయుధమైంది. తరువాత రెండేళ్ళు తిరిగేసరికి పరిస్థితి తారుమారైంది. 2023 ఫిబ్రవరిలో కనిష్ఠం 17 లక్షల 90 వేలకు దిగింది. అదే ఏడాది సెప్టెంబరులో గరిష్ఠం ఒక కోటి 69 లక్షల 60 వేలు దాటలేదు. అంతకు ముందు అతి తక్కువ గరిష్ఠంగా పేరుపడిన 1986 నాటి అంకె కంటె ఇది 10 లక్షలు తక్కువ.

లెక్క 2014లోనే ఆగిపోయి ఉంటే లోకం ఏమని నమ్మి ఉండేది? దక్షిణ ధ్రువంలో మంచు నిరాటంకంగా పెరుగుతున్నదనే గదా! ఉత్తర ధ్రువం లెక్క 2012లో ఆగితే, మంచు ఏటా అదే వేగంతో హరించుకుపోతున్నదని మరొక పక్షం ప్రచారం చేసి ఉండేది. నిజానికి 2012 నాటి కనిష్ఠాన్ని ఆ తరువాత పన్నెండేళ్ళలో ఏ సంవత్సరమూ దాటలేదు. మంచు కోలుకోనూ లేదు. రోజువారీ కొలత ఏ పక్షానికీ వకాల్తా పుచ్చుకోదు. ఇరుపక్షాల అతిశయోక్తులనూ అదుపులో పెట్టేది అదొక్కటే.

ధాత కరువు నేర్పిన పాఠం

అయితే గోదావరికి, కృష్ణకు హిమనదుల నీరు రాదు. ముత్తియాల్‌పేట వీధుల్లో హిమం కురవదు. మనకెందుకీ లెక్క అన్న ప్రశ్న సహజం. దీనికి సమాధానం నూట యాభై ఏళ్ళ క్రితమే మొదలైంది.

1876–78 కరువును రాయలసీమ పెద్దలు ధాత కరువుగా చెప్పుకునేవారు. తమిళులూ దానిని ధాతు సంవత్సరపు కరువుగానే గుర్తుంచుకున్నారు. దక్షిణాదిలో లక్షల ప్రాణాలు పోయిన తరువాత, వర్షాన్ని ముందుగా పసిగట్టే మార్గం వెదకవలసిందిగా ప్రభుత్వం వాతావరణ శాఖపై ఒత్తిడి తెచ్చింది. 1875లో ఏర్పడిన ఆ శాఖకు తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్‌. హిమాలయాలపై వసంతంలో హిమం ఎక్కువగా, ఆలస్యంగా కురిసిన ఏడు నైరుతి రుతుపవనాలు బలహీనపడుతున్నాయని ఆయన గమనించి 1884లో ప్రకటించారు. హిమం తెల్లగా ఉండి ఎండను వెనక్కు కొడుతుంది. అది కరగడానికే ఎండ వేడి ఖర్చవుతుంది. నేల వేడెక్కడం ఆలస్యమైతే సముద్రం నుంచి తేమగాలిని లాగే శక్తి తగ్గుతుంది. 1885లో ఈ సూత్రం ప్రకారం ఆయన చెప్పిన జోస్యం ఫలించింది. 1886 జూన్‌ 4న మన దేశంలో మొట్టమొదటి అధికారిక దీర్ఘకాలిక వర్ష సూచన వెలువడింది. కొండ ప్రాంతాల అధికారులు హిమం గురించి పంపిన సమాచారమే దానికి పెట్టుబడి.

తొంభై ఏళ్ళ తరువాత ఈ సూత్రాన్ని ఉపగ్రహం మళ్ళీ పరీక్షకు పెట్టింది. ‘నోవా’ పటాలలోని తొమ్మిదేళ్ళ అంకెలు తీసుకొని డగ్లస్‌ హాన్‌, మన దేశీయుడైన జగదీశ్‌ శుక్లా 1976లో ఒక పరిశోధన ప్రకటించారు. ఐరోపా, ఆసియాలపై శీతకాలంలో హిమం ఎక్కువైతే తరువాతి వేసవిలో భారతదేశంలో వర్షం తగ్గుతున్నదని అందులో తేలింది. 1988 నుంచి భారత వాతావరణ శాఖ వాడిన 16 అంశాల నమూనాలో హిమానికి చోటు దక్కింది ఈ కారణంగానే.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. హిమం ఒక్కటే వర్షాన్ని శాసించదు. 2002లో ఆ 16 అంశాల నమూనా సగటులో 101 శాతం వర్షం పడుతుందన్నది. పడింది 81 శాతం. ఆ దెబ్బతో నమూనానే మార్చుకున్నారు. పసిఫిక్‌ మహాసముద్రపు ఎల్‌నినో ప్రభావం ముందు హిమం ప్రభావం చాలాసార్లు తేలిపోతుంది. అయినప్పటికీ ఈ లెక్కను నిపుణులు వదిలిపెట్టలేదు. 2025 ఏప్రిల్‌లో వాతావరణ శాఖ 105 శాతం వర్షం పడుతుందని ప్రకటిస్తూ, ఆ ఏడు జనవరి నుంచి మార్చి వరకు ఐరోపా, ఆసియాలపై హిమం సాధారణం కంటె తక్కువగా ఉండడాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నది. ఆ సంవత్సరం పడిన వర్షం 108 శాతం. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు 2021లో మరో అడుగు ముందుకు వేశారు. ఉత్తర ధ్రువంలోని కారా సముద్రంలో మంచు తగ్గడానికి, మన దేశంలో రుతుపవనాల చివరి రోజుల్లో కుండపోత వర్షాలకు సంబంధం ఉండవచ్చునని వారు సూచించారు. ‘ఉండవచ్చును’ అన్న మాటను వార్త రాసేవారు తుడిచివేయరాదు. కాని ఆ మాట ‘ఉంది’ అనో ‘లేదు’ అనో తేలాలంటే ఇంకా ఎన్నో ఏళ్ళ రోజువారీ లెక్క కావాలి.

రుతుపవన సూచన వెలువడిన రోజున షేర్ల మార్కెట్‌ స్పందిస్తుంది. పప్పుల ధర, ఎరువుల దిగుమతి, విద్యుత్తు కొనుగోలు, రిజర్వు బ్యాంకు ధరల అంచనా, అన్నీ ఆ ఒక్క శాతంపై కన్నువేసి ఉంటాయి. అటువంటి సూచనకు వెళ్ళే ముడిసరుకులో ఒక పాలు పరాయి దేశపు రక్షణ శాఖ ఉత్తరంపై ఆధారపడి ఉండటం ఆర్థిక విషయం కాదనలేము.

సముద్రం ఎందుకు ముందుకు వస్తున్నది?

ముత్తియాల్‌పేటకు తూర్పున సోలై నగర్‌ బెస్తవాడ ఉంది. పడవలు లాగి పెట్టుకొనే ఇసుక మేర తగ్గిపోతున్నదని అక్కడివారు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. ధ్రువాల మంచు కరగడం వల్లనే ఇది జరుగుతున్నదని రాస్తే వార్తకు మంచి శీర్షిక కుదురుతుంది. కాని అది నిజం కాదు. ఈ తీరంలో అలలు ఇసుకను ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. 1980 దశకం చివర నౌకాశ్రయం కోసం కట్టిన అడ్డుగోడలు ఆ ఇసుకను ఆపేశాయి. దానికి ఉత్తరాన ఉన్న పట్టణపు తీరం, బెస్తవాడలు కోతకు గురయ్యాయి. 2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ప్రధాన సచివాలయం ఎదుట నీటిలో ఒక దిబ్బ నిర్మించాక కొంత ఇసుక తిరిగి చేరింది. మనిషి చేసిన తప్పును మంచుపైకి నెట్టడం అన్యాయం.

మరొక అపోహ కూడా తొలగాలి. గ్లాసులో నిమ్మరసంలో తేలే మంచుముక్క కరిగినంత మాత్రాన గ్లాసు పొర్లిపోదు. సముద్రపు మంచు కూడా అంతే. అది కరగడం వల్ల నేరుగా సముద్రమట్టం చెప్పుకోదగినంత పెరగదు. మట్టాన్ని పెంచేవి గ్రీన్‌లాండ్‌, అంటార్కిటికా భూభాగాలపై పేరుకున్న మంచు, కొండల హిమానీ నదాలు కరగడం, సముద్రజలం వేడెక్కి వ్యాకోచించడం. వీటి వల్ల 1993 నుంచి ప్రపంచ సగటు సముద్రమట్టం 10 సెంటీమీటర్లు పెరిగింది. మరి సముద్రపు మంచుకు ఇందులో పాత్ర లేదా? ఉంది, పరోక్షంగా. తెల్లని మంచు తనపై పడిన ఎండలో సగానికి పైగా తిప్పికొడుతుంది. నల్లని సముద్రం నూటికి తొంభై పాళ్ళకు పైగా మింగేస్తుంది. మంచు తగ్గితే సముద్రం వేడెక్కుతుంది, వేడెక్కితే మంచు మరింత తగ్గుతుంది. అడ్డుగోడల వల్ల ఇప్పటికే బలహీనపడిన తీరానికి ఆ 10 సెంటీమీటర్లు చిన్న విషయం కాదు. 2024 నవంబరు 30న ఫెంగల్‌ తుపాను తీరం దాటినప్పుడు పుదుచ్చేరిలో 24 గంటల్లో 45 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. అటువంటి రాత్రి వీధిలోని నీరు సముద్రంలోకి దిగాలంటే సముద్రం ఎంత ఎత్తులో ఉందన్నది ప్రతి అంగుళమూ లెక్కే.

శ్రీహరికోట పక్కనే ఉండగా

సోలై నగర్‌ బెస్తలకు ఉపగ్రహం కొత్త కాదు. చేపలు ఎక్కడ గుమికూడే అవకాశం ఉందో చెప్పే సమాచారం వారికి హైదరాబాదు నుంచి వస్తుంది. 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం సముద్రపు ఉష్ణోగ్రత, నీటి రంగు ఆధారంగా దిక్కు, దూరం, లోతు లెక్కగట్టి తీరప్రాంత భాషలన్నింటిలో అందిస్తున్నది. ఆకాశంలోని పరికరం చూసింది సెల్‌ఫోను ద్వారా మరపడవ దాకా దిగివచ్చింది. కోస్తాంధ్రలో తెలుగులో, ఇక్కడ తమిళంలో. దేశానికి ఈ విద్య తెలియదని చెప్పడానికి వీలులేదు.

మంచు విద్య కూడా తెలుసు. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన సంస్థ 1980 దశకంలోనే అమెరికా ఉపగ్రహ చిత్రాలలో సట్లెజ్‌ పరీవాహక ప్రాంతపు హిమాన్ని కొలిచి, భాక్రా జలాశయానికి వేసవిలో ఎంత నీరు వస్తుందో ముందుగా చెప్పింది. 1979లో కక్ష్యలోకి వెళ్ళిన మన భాస్కర-1లో సూక్ష్మతరంగ పరికరం ఉంది. 1999 మే 26న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఓషన్‌శాట్‌-1లో అంతకంటె మెరుగైనది ఉంది. దాని సమాచారంతో అహ్మదాబాదు శాస్త్రజ్ఞులు అంటార్కిటికా మంచును పటం గీశారు. కాని ఆ రకం పరికరం తరువాతి ఓషన్‌శాట్‌లలో లేదు. 2009లో వెళ్ళిన ఓషన్‌శాట్‌-2లో రాడార్‌ తరహా పరికరం పెట్టారు. అది కూడా చీకటిలో, మబ్బులో మంచును గుర్తించగలదు. 2014 ఫిబ్రవరిలో అది మూగబోయింది. దాని స్థానంలో స్కాట్‌శాట్‌-1 వెళ్ళింది 2016 సెప్టెంబరులో. మధ్యలో రెండున్నరేళ్ళు మన లెక్క ఖాళీ. సరిగ్గా దక్షిణ ధ్రువపు మంచు శిఖరానికి చేరి కూలడం మొదలుపెట్టిన కాలమది. 2022 నవంబరులో ఓషన్‌శాట్‌-3 వెళ్ళింది. 2025 జులై 30న అమెరికాతో కలిసి నిర్మించిన నైసార్‌ వెళ్ళింది. అది 12 రోజులకు ఒకమారు నేలను, మంచును అతి సూక్ష్మంగా చూడగలదు. అయితే అది రోజువారీ మట్టం కొలిచే పరికరం కాదు. రోగికి నిలువెల్లా స్కానింగ్‌ తీయడం వేరు, పూటపూటా జ్వరం చూడడం వేరు.

అంటార్కిటికాలో 2012 నుంచి మనకు భారతి కేంద్రం ఉంది. అక్కడే ఉపగ్రహ సమాచారం అందుకొనే ఏర్పాటు ఉంది. ఇన్ని ఉండి కూడా, ‘ఈ రోజు ధ్రువాలలో మంచు ఎంత?’ అని అడిగితే మనం బౌల్డర్‌ వైపే చూస్తున్నాం.

జపాన్‌ ఇస్తున్నది, ఐరోపా ఇస్తున్నది, మనం ప్రత్యేకంగా ఖర్చు పెట్టడం దేనికని కొందరు అడగవచ్చు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. ప్రతి దేశమూ ప్రతి పరికరమూ తయారుచేసుకోనక్కర లేదు. కాని అమెరికా కూడా ఇస్తూనే ఉండింది, వారం రోజుల గడువుతో ఆపబోయేదాకా. అంతకు ముందు 2016లో, నిర్మాణం పూర్తయిన ఒక రక్షణ ఉపగ్రహాన్ని ప్రయోగించకుండానే విప్పివేయాలని ఆ దేశమే నిర్ణయించుకున్నది. డబ్బు మిగిలింది, లెక్క మాత్రం బలహీనపడింది. కావేరి దిగువన ఉన్న రైతుకు ఈ కష్టం వివరించనక్కర లేదు. కొలబద్ద ఎగువ రాష్ట్రం చేతిలోనే ఉంటే వాటా అడిగే గొంతు ఎంత గట్టిగా ఉంటుందో అతనికి తెలుసు.

చేయవలసినవి మూడు

చేయవలసిన పనులు అసాధ్యమైనవి కావు. ఒకటి, ధ్రువాల మీదుగా తిరిగే మన ఉపగ్రహాల వరుసలో మంచును కొలిచే పరికరం ఎప్పుడూ ఒకటి పనిచేస్తూ ఉండేలా, పాతది మూగబోకముందే కొత్తది చేరేలా కార్యక్రమం ఖరారు కావాలి. రెండున్నరేళ్ళ ఖాళీ మళ్ళీ రాకూడదు. రెండు, మన సంస్థలు తయారుచేస్తున్న మంచు, హిమ పటాలు పరిశోధకుల గూటిలోనే ఉండిపోకూడదు. చేపల సమాచారం లాగానే ఇదీ రోజూ, సామాన్యునికి అర్థమయ్యే రూపంలో, భారతీయ భాషలన్నింటిలో వెలువడాలి. అంటార్కిటికాకు వెళ్ళే మన ఓడలకు దారి చెప్పగలిగిన అహ్మదాబాదు శాస్త్రజ్ఞులకు ఇది పెద్ద పని కాదు.

మూడవది పత్రికలు చేయవలసినది. ధ్రువపు మంచు వార్త రికార్డు బద్దలైన రోజునే వస్తున్నది. మిగతా 364 రోజులు మౌనం. వరద వచ్చిన నాడు మాత్రమే శ్రీశైలం మట్టం ప్రచురిస్తే రైతుకు ఏం తెలుస్తుంది? జలాశయాల పట్టిక వేసే చోటే అడుగున రెండు వరుసలు చాలు. ఉత్తర ధ్రువం ఇంత, దక్షిణ ధ్రువం ఇంత, సగటు ఇంత. మార్చి నెల దాకా హిమం విస్తీర్ణం కోసం మరొక వరుస. అంకెలు లక్షల్లో, కోట్లలో ఉండాలి, సున్నాలు జారిపోకుండా. వాటి కింద వ్యాఖ్యానం అక్కర లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ పాఠకుడే పోల్చుకుంటాడు.

బయలుదేరేటప్పుడు మామయ్య గుమ్మం దాకా వచ్చి, ‘‘మీ పేపర్లో వేస్తే నాకు ఫోన్‌లో పంపు. మెట్టూరు పక్కన రాసి పెట్టుకుంటా’’ అన్నారు. ఆయన గోడ క్యాలెండరు మీద ప్రతి తేదీ కింద పెన్సిలుతో రాసిన నీటిమట్టాలు ఉన్నాయి. ఏ ప్రభుత్వమూ అడగకపోయినా ఒక పౌరుడు ఏళ్ళ తరబడి లెక్క తప్పకుండా రాసుకుంటున్నాడు. దేశం ఆ మాత్రం శ్రద్ధ చూపాలనడం అత్యాశ కాదు.